అభ్యంతరం ఉన్నవాళ్ళు

జనవరి 7, మంగళవారం, మార్కాపురం

నరేష్ ఈసారి కూడా ఇంట్లో చెప్పలేదు. ఆదివారం ఊరికి వెళ్ళి, సోమవారం గిద్దలూరు తిరిగొచ్చాడు. కంది నూర్పిళ్ళలో ఉన్నారట. వాళ్ళ నాయన దుమ్ములో నిలబడి కూలీల మీద అరుస్తుంటే పెళ్ళి మాట ఎలా ఎత్తడం అన్నాడు. నిజమే, నూర్పిళ్ళప్పుడు ఎవరు మాత్రం ఎత్తుతారు. అంతకుముందు మిరపనారు నాటుతున్నారు. దానికి ముందు వాళ్ళమ్మ కొండమ్మగారికి కాలు బెణికింది. నాలుగేళ్ళలో ఆ ఇంట్లో పెళ్ళి మాటకు సరిపడా ఖాళీ రోజు ఒక్కటి రాలేదంటే, రైతుల ఇళ్ళలో పని అంత ఉంటుంది మరి.

సర్వేయర్ ట్రైనింగ్‌లో నా పక్క బల్ల అతనిది. ఇప్పుడు గిద్దలూరు వైపు అతను, మార్కాపురం వైపు నేను పొలాలు కొలుస్తున్నాం. గట్టు మీద ఇద్దరు అన్నదమ్ములు పారలెత్తుకుంటే, మధ్యలోకి వెళ్ళి ఇద్దరినీ నవ్వించి విడదీసే మనిషి నరేష్. మండలమంతా మాట్లాడగలడు. వాళ్ళ నాయన చెన్నకేశవులుగారి ముందు మాత్రం నోరు పెగలదు.

గదిలో నాతోపాటు ఉండే అరుణకుమారి కాలేజీలో పాఠాలు చెబుతుంది. అన్నం కలుపుకుంటూ అడిగింది. "వాళ్ళు ఊళ్ళో భూములున్నోళ్ళు, మీరు ఊరిబయట పల్లెలో కూలి చేసుకునే కిరస్తానీలు. ఆ మాటకేనా భయం, ఇంకేమన్నా ఉందా?" అరుణకు అన్నీ అలాగే కనిపిస్తాయి. నరేష్‌కు అలాంటి పట్టింపుల్లేవు. ఉంటే నాలుగేళ్ళు నాతో ఎందుకుంటాడు.

అమ్మ ఫోన్ చేసింది. ఆదివారం సంబంధం వాళ్ళు వస్తున్నారట. పేరు డేవిడ్. చంద్రశేఖరపురం దగ్గర బడిలో సోషల్ టీచరు.

జనవరి 9, గురువారం

ఈ రోజు తర్లుపాడు వైపు కొలతలు. నా ఉద్యోగం నలుగురిలో చేయాల్సింది. పొలం గలవాళ్ళకూ, దానికి నాలుగు దిక్కులా ఉన్న రైతులకూ ముందే నోటీసు ఇస్తాం. చెప్పిన రోజున అందరూ గట్టు మీదికి రావాలి. ఉపగ్రహాలతో కొలిచే రోవర్ కర్ర నిలబెట్టి హద్దు చూపించి, "అభ్యంతరం ఉన్నవాళ్ళు ఇప్పుడే చెప్పండి" అని అడుగుతాను. పిలిస్తే రానివాళ్ళూ, వచ్చి మాట్లాడనివాళ్ళూ ఒప్పుకున్నట్టే లెక్క.

మాట్లాడనివాళ్ళు ఎక్కడుంటారు? శ్రీశైలమ్మ అనే ఆవిడ ఒక్క నాగటి సాలు నేల కోసం గట్టు మీద కూర్చుని లేవనంది.

"మా ఆయన ఉన్నప్పుడు ఈ తుమ్మచెట్టు మాలో ఉన్నింది పాపా. ఇప్పుడు వాళ్ళలో ఉందంటావు. నడిచిపోయినాదా అది?"

"పెద్దమ్మా, చెట్టు నడవలేదు. గట్టు నడిచింది. ఏటా దుక్కి దున్నేటప్పుడు కాస్త కాస్త జరిపినారు."

"అయితే నేను ఒప్పుకోను. రాసుకో. శ్రీశైలమ్మ ఒప్పుకోలేదని రాసుకో."

రాసుకున్నాను. ఆమె మొహం చూస్తే ముచ్చటేసింది. ఒప్పుకోలేదని పదిమందిలో అనేసి, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. 

పక్క చేను పెద్దాయన నన్ను తేరిపార చూసి, ఎవరి బిడ్డవని అడిగాడు. సంజీవరావు కూతురినని చెప్పాను. "మా చేలో కందికోతకు వచ్చేటోడు. మంచి కోతగాడు" అన్నాడు. తర్వాత టీ వచ్చింది. అందరికీ స్టీలు గ్లాసుల్లో, నాకు కాగితం కప్పులో. మంచిదే, స్టీలు గ్లాసుతో చేయి కాలుతుంది.

జనవరి 12, ఆదివారం, మా ఊరు

డేవిడ్ వాళ్ళు వచ్చి వెళ్ళారు. ఆ మనిషిలో తప్పు వెతకాలని వచ్చినప్పటి నుంచి పోయేదాకా చూశాను. టీలో ముంచిన బిస్కెట్టు విరిగి కప్పులో పడింది, అదొక్కటే దొరికింది. "ఉద్యోగం మానుకోవద్దండి. మా వైపు సర్వేయర్లు లేక రైతులు తిరిగి తిరిగి అలసిపోతా ఉన్నారు" అన్నాడు. మంచివాడు. మంచివాడు కాకపోయుంటే ఎంత బాగుండేది.

నాయన నన్ను వంటింట్లోకి పిలిచి అడిగాడు. "ఏమంటావు పాపా? నీకిష్టమైతేనే. లేదంటే ఇప్పుడే చెప్పు, నేను పోయి చెప్పొస్తా."

సరే అన్నాను.

నిన్న ఫోన్లో నరేషే అలా అనమన్నాడు. "సరే అను ఫెబీ. నీకు ఆడ పెండ్లి కుదిరిందంటే నాకూ ఒక ఆధారం దొరుకుతాది. పిల్ల చెయ్యి దాటిపోతా ఉంది నాయనా అని గట్టిగా అడగొచ్చు." ఆలోచిస్తే తెలివైన ఉపాయమే.

సరే అనగానే అమ్మ నా తల మీద చేయి పెట్టి ప్రార్థన చేసింది. నేనూ కళ్ళు మూసుకుని ఆమేన్ అన్నాను. ఎవరి కోసం అన్నానో దేవుడికి తెలుసు. మార్చిలో ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు మొదలవుతాయి, అప్పుడు మాలో పెళ్ళిళ్ళు చేయరు. అందుకని ఫిబ్రవరి ఆఖరి వారమే అనుకున్నారు.

జనవరి 13, సోమవారం

నరేష్‌కు చెప్పాను. "అంత తొందరగా పెట్టుకున్నారేంది" అన్నాడు.

జనవరి 21, మంగళవారం, పామూరు

చంద్రశేఖరపురం మండలంలో కొలతలు వెనకబడ్డాయని మమ్మల్ని కొంతమందిని అటు పంపారు. తెల్లారకముందే మార్కాపురంలో బస్సెక్కాను. పలకల ఫ్యాక్టరీ మొదటి షిఫ్టుకు వెళ్ళే ఆడవాళ్ళు ముందు సీట్లలో నిద్రపోతున్నారు. ఎంత ఉతికినా వాళ్ళ చీర కుచ్చిళ్ళలో ఆ బూడిదరంగు పొడి పోదు. వాళ్ళు దిగాక బస్సు ఖాళీ అయిపోయింది. కనిగిరిలో మారి, చంద్రశేఖరపురం చేరేసరికి పొద్దెక్కింది. అటునుంచి అటే చేలోకి. సాయంత్రం పామూరు వచ్చి, ఇక్కడ పనిచేసే అమ్మాయిల గదిలో బ్యాగు పడేశాను. బాత్రూంలో కాళ్ళు కడుక్కుంటుంటే ఎందుకో ఏడుపొచ్చింది. అలసట అయ్యుంటుంది.

ఇదే మండలంలో డేవిడ్ బడి. ఎక్కడుందో అడగలేదు.

నరేష్ ఫోన్ చేయలేదు. ఇక్కడ సిగ్నల్ సరిగా ఉండదని తనకు తెలుసు.

జనవరి 22, బుధవారం

సిగ్నల్ లేదు.

జనవరి 23, గురువారం

అమ్మ ఫోన్ వచ్చింది. అరుణ ఫోన్ వచ్చింది. చీరల కొట్టువాళ్ళ మెసేజ్ కూడా వచ్చింది.

జనవరి 26, ఆదివారం, మా ఊరు

నిన్న మార్కాపురం వచ్చి, పొద్దున ఆఫీసులో జెండా ఎగరేసి, నేరుగా ఊరికి వచ్చాను. పాల్ రాజు అయ్యగారు ఆరాధన అయ్యాక మమ్మల్ని ఆపారు. ఆయన మా గుడికి పాస్టరుగా వచ్చి చాలా ఏళ్ళయింది. నాకు నీళ్ళతో బాప్తిస్మం ఇచ్చింది కూడా ఆయనే.

"వచ్చే ఆదివారం మొదలుపెట్టి, వరసగా మూడు వారాలు సంఘంలో చదువుతాను. అబ్బాయి పేరు, అమ్మాయి పేరు, తల్లిదండ్రుల పేర్లు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పొచ్చు. మూడో వారం దాటితే ఇంక ఎవరూ మాట్లాడేది లేదు, పెండ్లే."

నాకు తెలియని సంగతి కాదు. చిన్నప్పటి నుంచి ఎందరివో పెళ్ళి ప్రకటనలు విన్నాను. ఎవరూ ఎప్పుడూ లేవలేదు. అయినా ఆ మాట వినగానే లోపల ఒక దీపం వెలిగింది. నరేష్ వాళ్ళ నాయనకు చెప్పలేకపోతే పోనీ. ఇక్కడికి వచ్చి లేవొచ్చు కదా. నేను ఈ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటాను అని ఒక్క మాట. ఆ తర్వాత వాళ్ళింట్లో చెప్పాల్సిన పని కూడా ఉండదు, సాయంత్రానికి ఊళ్ళే చెబుతాయి.

మధ్యాహ్నం కంభం బస్టాండుకు రమ్మన్నాను. వచ్చాడు. సోడా తాగుతూ అంతా విన్నాడు.

"నేను చర్చిలోకి రావొచ్చా?"

"ఎవరైనా రావొచ్చు."

"లేస్తే కొట్టరు కదా?"

"మా వాళ్ళు కొట్టరు. ఏడుస్తారు."

సీసాలో గోళీ అటూ ఇటూ ఆడించాడు. "వస్తా ఫెబీ. ఖచ్చితంగా వస్తా. మూడు ఆదివారాలు ఉన్నాయి కదా" అన్నాడు. మూడు ఉన్నాయి కదా అన్న మాట నాకు అంతగా నచ్చలేదు, కానీ వస్తానని ముందే అన్నాడు. ఈ నాలుగేళ్ళలో తారీఖుతో సహా ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలో నేను నవ్వుకున్నాను. 

ఫిబ్రవరి 2, ఆదివారం, పామూరు

ఆదివారం కూడా పని. సెలవు అడిగితే, శనగ కోతలు మొదలైతే రైతులు దొరకరు, ఇప్పుడే ముగించాలన్నారు.

మధ్యాహ్నం గట్టు మీద ఉండగా అమ్మ ఫోన్. ప్రకటన చదివారట. "సంజీవరావు, సరోజమ్మ దంపతుల పెద్ద కుమార్తె అని అయ్యగారు గట్టిగా చదివినాడమ్మా. మీ నాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చినాడు. ఇంతమందిలో నా పేరు ఇట్ల చదివింది ఎప్పుడూ లేదు సరోజా అన్నాడు." ఆ మాటలు చెబుతూ అమ్మ కూడా ఏడ్చింది. నేను ఎండలో నిలబడి, రోవర్ కర్ర పట్టుకుని విన్నాను.

ఎవరన్నా లేచారా అని అడిగాను.

"లేచేదేంది? ఎవరు లేస్తారు?"

నరేష్ వెళ్ళలేదు. నువ్వు లేని చోట నేను పోయి ఏం చేయాలి అన్నాడు. అదీ నిజమే.

ఫిబ్రవరి 5, బుధవారం

సాయంత్రం చంద్రశేఖరపురంలో బస్సు కోసం నిలబడితే డేవిడ్ వచ్చాడు. బడి నుంచి నేరుగా, చేతులకు సుద్దపొడితో. నేనిక్కడ పనిచేస్తున్నానని పిల్లలెవరో చెప్పారట. బస్సు ఆలస్యం. పక్కనే అరుగు ఉంటే చివర్న కూర్చోమని, తను నిలబడ్డాడు.

ఏవేవో మాట్లాడాడు. బడిలో ఏడో తరగతికి మ్యాపు గీయడం నేర్పుతున్నాడట, మీరొక రోజు వచ్చి ఆ యంత్రం చూపిస్తే పిల్లలు సంతోషపడతారన్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ఫెబీగారూ, ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. మీరు ఆ రోజు సరే అన్నప్పుడు మీ మొహంలో ఏమీ లేదు. ఇష్టం లేకపోతే చెప్పండి. నేనే వద్దన్నానని మావాళ్ళతో చెబుతాను. మాట మీ మీదికి రాదు."

ఇంతకంటే మనిషి ఏం చేస్తాడు. నాయన తువ్వాలు గుర్తొచ్చింది. పిల్లను మగపెళ్ళివాళ్ళు వద్దన్నారంటే పల్లెలో అదెలా ఉంటుందో అతనికి తెలియదు, పాపం. పైగా నరేష్ ఆదివారం వస్తున్నాడు. అతను లేచి చెప్పడం వేరు, నన్ను ఒకరు వదిలేస్తే అతను ఏరుకోవడం వేరు.

"ఇష్టమేనండి. అలసిపోయి ఉన్నాను, అంతే" అన్నాను.

డేవిడ్ మొహం విప్పారింది. నన్ను నేను అసహ్యించుకున్నాను. చెప్పేదాన్నేమో, ఇంకో నిమిషం ఉంటే చెప్పేదాన్నే. బస్సు వచ్చేసింది.

ఫిబ్రవరి 6, గురువారం

బస్సు రాలేదు నిన్న అప్పటికి. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరం ఊరికే నిలబడ్డాం. ఇక్కడ కూడా అబద్ధం రాసుకుంటే ఎట్లా.

ఫిబ్రవరి 9, ఆదివారం, మా ఊరు

వచ్చాడు.

తెల్లచొక్కా వేసుకుని, చెప్పులు బయట వదిలి, మగవాళ్ళ వైపు ఆఖరి వరసలో చాప మీద కూర్చున్నాడు. నేను ఆడవాళ్ళ వైపు నుంచి ముసుగు సర్దుకుంటున్నట్టు నాలుగుసార్లు వెనక్కి చూశాను. ప్రసంగం ఏమిటో ఒక్క ముక్క వినలేదు. పక్కనున్న రోజీ కూడా నా చూపు వెంబడే వెనక్కి తిరిగి చూసింది. రోజీ మా పల్లె పిల్ల, నాకంటే చిన్నది, పాటల్లో నా పక్కన గొంతు కలుపుతుంది.

అయ్యగారు కాగితం తీసి చదివారు. డేవిడ్ పేరు, వాళ్ళ ఊరు, నా పేరు, నాయన పేరు, అమ్మ పేరు. "ఇది రెండవ ప్రకటన. ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పాలని కోరుతున్నాను."

వెనక్కి తిరిగి చూశాను. ఈసారి ముసుగు సర్దుకోలేదు, సూటిగా చూశాను. నరేష్ తల వంచుకుని చాప అంచు నుంచి ఒక పుల్ల లాగుతున్నాడు. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. నరేష్ కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థన అయ్యాక ఎప్పటిలాగే నేను లేచి కానుకల పాట ఎత్తాను.

ఆరాధన అయ్యాక నాయన అతన్ని చూశాడు. మీ ఆఫీసు సారేనా పాపా అని అడిగి, వద్దంటున్నా ఇంటికి పిలుచుకొచ్చాడు. ఉన్న ఒక్క మంచి కుర్చీ తుడిచి వేశాడు. నాకూ అతనికీ ఒకటే ఉద్యోగం, ఒకటే జీతం. నాయన మాత్రం చేతులు కట్టుకుని "సార్, సార్" అంటూ నిలబడ్డాడు. మా వైపు ముక్కూ మొహం తెలియని మనిషిని కూడా మామా అనో పెద్దాయనా అనో పిలుస్తారు. నరేష్ నాయనను ఏమనీ పిలవలేదు. మొహమాటం.

అమ్మ కోడికూర వండింది. తిన్నాడు. ఇది రాసుకోవాలి, మా ఇంట్లో మా కంచంలో అన్నం తిన్నాడు. రెండోసారి కూర కూడా వేయించుకున్నాడు. అరుణ ఏమంటుందో అడగాలి ఇప్పుడు.

చేయి కడుక్కుంటూ నాయనతో అన్నాడు. "పెండ్లికి తప్పకుండా వస్తాను. ఆఫీసోళ్ళందరం వస్తాం."

బస్సు దాకా సాగనంపడానికి వెళ్ళాను. ఇళ్ళు దాటాక అడిగాను.

"ఎందుకు లేవలేదు?"

"అంతమందిలో ఎట్ల లేస్తా ఫెబీ. మీ నాయన నా ముందరే కూర్చోని ఉన్నాడు. లేస్తే ఆయన మొహం చూడాల. తర్వాత మా నాయన మొహం చూడాల." కంఠం వణికింది అతనికి. నిజంగానే వణికింది. "వచ్చినాను కదా. రాలేదనుకో, అప్పుడు అడుగు. వచ్చినాను కదా."

బస్సు వస్తోందేమోనని మలుపు వైపు చూశాను.

"నువ్వే లేవొచ్చు కదా" అన్నాడు. "నీ పెండ్లి. నీ గుడి. నువ్వు వద్దంటే ఎవరు చేస్తారు?"

బస్సొచ్చింది. ఎక్కి కిటికీలోంచి చేయి ఊపాడు. గట్టు మీద పార ఎత్తుకున్న ఇద్దరినీ నవ్వించి విడదీసేవాడు ఇతనే. పొలం తనది కానప్పుడు ఎవరైనా నవ్వించగలరు.

ఫిబ్రవరి 10, సోమవారం

నిన్న రాసిన ఆఖరి మాట కోపంలో రాసింది. అతను పిరికివాడు కాదు. వచ్చాడు. తిన్నాడు.

ఫిబ్రవరి 12, బుధవారం, మార్కాపురం

చంద్రశేఖరపురం పని ముగిసింది. మార్కాపురం వచ్చేశాను. నరేష్ మెసేజ్ పెట్టాడు. "ముందు నువ్వు ఆపించుకో. తర్వాత నేను చూసుకుంటా." చాలాసార్లు చదివాను. చూసుకుంటా అంటే బాధ్యత తీసుకుంటాననే కదా. అరుణకు చూపించాను.

"తర్వాత అంటే ఎప్పుడో అడుగు" అంది.

అడిగాను. చదివినట్టు నీలం గీతలు పడ్డాయి.

ఫిబ్రవరి 13, గురువారం

నీలం గీతలు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

అమ్మకు ఫోన్ చేసి చెప్పేద్దామనుకున్నాను. నాయన ఎత్తాడు. నన్ను మాట్లాడనివ్వలేదు, అంత ఉత్సాహం. పెళ్ళికి పిలవడానికి ఇంటింటికీ తిరుగుతున్నాడట. పల్లె అయిపోయింది, ఊళ్ళోకి కూడా వెళ్ళాడట, తను ఇన్నేళ్ళు కోతలకు పోయిన ఇళ్ళకు. "అరుగు మీద కూర్చోమన్నారు పాపా. మీ పాప సర్వేయరమ్మ కదా అన్నారు. మంచినీళ్ళు ఇచ్చినారు."

"మంచిది నాయనా" అన్నాను.

"నువ్వేందో చెప్పాలని చేసినావు?"

"ఏం లేదు. ఆదివారం వస్తున్నా."

ఫోన్ పెట్టేశాక మంచం మీద గోడకు తిరిగి పడుకున్నాను. అరుణ కాలేజీ నుంచి వచ్చి పక్కన కూర్చుంది. ఈసారి వెక్కిరించలేదు.

"ఆ నరేష్ సంగతి పక్కనపెట్టు. వాడు రాడు, చూసుకోడు. అది నీకూ తెలుసు. డేవిడ్‌ను చేసుకోవాలని ఉందా నీకు?"

"లేదు."

"మంచోడంటివి."

"మంచోడే. ఒకరిని మనసులో పెట్టుకుని ఆ మంచోడి ఇంట్లో అన్నం వండలేను. రోజూ ఆయన మొహం చూసి అబద్ధం చెప్పలేను. ఒక్క సాయంత్రం చెబితేనే నిద్ర పట్టలేదు."

"అయితే ఆ మాటే చెప్పు. పొలాల్లో అంతమంది మగోళ్ళ మధ్య నిలబడి అరుస్తావు, గుడిలో ఒక్క మాట అనలేవా?"

అరుణ చెప్పేదాకా నాకు తట్టలేదు. నరేష్ లేకపోయినా నాకు ఇష్టం లేదు. నాకు ఇష్టం లేదు అన్నది కూడా ఒక అభ్యంతరమే. శ్రీశైలమ్మ ఒక్క సాలు నేల కోసం అనగలిగింది. ఇంట్లో నన్ను ఇంక ఎవరూ అడగరు, అడగాల్సినప్పుడు అడిగారు, సరే అన్నాను. అడిగే చోటు ఒక్కటే మిగిలింది. ఎల్లుండి అయ్యగారు అడుగుతారు. లేస్తాను. నాయన ఏడుస్తాడు. ఏడవనీ. ఆ తర్వాత నరేష్ రాడు, డేవిడ్ ఉండడు, పల్లెలో నా గురించి మాట్లాడుకుంటారు, నేను ఈ గదిలోనే ఉంటాను. అయినా లేస్తాను. 

ఫిబ్రవరి 15, శనివారం

మనసులో నాలుగు మాటలు అనుకున్నాను. అయ్యగారూ, నాకు ఈ పెళ్ళి ఇష్టం లేదు. అబ్బాయి తప్పేమీ లేదు. మా అమ్మానాయనల తప్పు లేదు. నన్ను క్షమించండి. బస్సులో పదేపదే అనుకుంటుంటే పక్కామె నన్ను వింతగా చూసింది.

ఫిబ్రవరి 16, ఆదివారం, మా ఊరు

రాసి పడుకోవాలి. రాయకపోతే రేపు దీన్ని కూడా ఇంకోలా చెప్పుకుంటాను.

గుడి నిండిపోయింది. మూడో ప్రకటన అని నాయన అందరినీ రమ్మన్నాడు. కొత్త పంచె కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. నేనూ రోజీ ఆడవాళ్ళ వైపు ముందు చాప మీద. నరేష్ కోసం వెనక్కి చూడలేదు. చూసుంటే బాగుండేదేమో, తెలియదు. చూడకపోవడం వల్ల కాస్త ధైర్యంగా ఉంది.

అయ్యగారు కాగితం చదివారు. పేర్లన్నీ చదివారు. "ఇది మూడవదియు చివరిదియునైన ప్రకటన. ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పాలని కోరుతున్నాను."

ఎవరో పసిబిడ్డ ఏడిస్తే తల్లి నోరు మూసింది.

లేచాను. "అయ్యగారూ" అని కూడా అన్నాను.

పక్కన రోజీ లేచింది.

ఆమె వెనక ఇద్దరు లేచారు. వాళ్ళ వెనక వరస లేచింది. కొంగులు సర్దుకుంటూ, పిల్లల్ని చంకనెత్తుకుంటూ ఆడవాళ్ళందరూ లేచారు. మగవాళ్ళ వైపు మోకాళ్ళ మీద చేతులానించి ముసలివాళ్ళు లేచారు. నాకు మొదట అర్థం కాలేదు. అందరికీ అభ్యంతరం ఉందా అనుకున్నాను, ఒక్క క్షణం నిజంగా అలాగే అనుకున్నాను. తర్వాత తెలిసింది. మా గుడిలో ప్రకటనలయ్యాక కానుకల పాట. ఆ పాటకు అందరం నిలబడతాం. పదో తరగతి చదివేటప్పటి నుంచి దాన్ని ఎత్తేది నేనే. నేను లేస్తే సంఘం లేస్తుంది. లేవండి అని ఎవరూ చెప్పక్కర్లేదు, అలవాటు.

అయ్యగారు కళ్ళద్దాలు తీసి, కాగితం మడిచి నవ్వారు. "ఎవరికీ అభ్యంతరం లేదు, దేవునికి స్తోత్రం. మన ఫెబీకి ఈ రోజు పాటకు తొందరగా ఉన్నట్టుంది. పెండ్లి కూతురు కదా. పాడమ్మా."

గుడి అంతా నవ్వింది. మంచి నవ్వే. నన్ను పెంచినవాళ్ళ నవ్వు.

పాటకు లేవలేదు అని ఒక్క మాట అంటే చాలు. నోరు తెరిచాను. రోజీ తన పాటల పుస్తకం నా ముందుకు జరిపింది, నేను తెచ్చుకోలేదని. డోలక్ మీద దెబ్బ పడింది. అటువైపు నాయన నిలబడి నా నోటి వైపే చూస్తున్నాడు, నేను ఎత్తగానే అందుకోవాలని. ఆయనకు చదువు రాదు. నేను పాడే మాట వెనక ఆయన మాట వస్తుంది, ఎప్పుడూ అంతే. ఇంతమంది నిలబడి ఎదురుచూస్తున్నారు. మళ్ళీ వీళ్ళందరినీ కూర్చోబెట్టి, మీరు పొరపాటు పడ్డారు, నేను లేచింది దీనికి కాదు అని చెప్పడానికి ఎన్ని మాటలు కావాలో నా దగ్గర అన్ని లేవు. నాలుగే తెచ్చుకున్నాను.

పాట ఎత్తాను.

అన్ని చరణాలూ పాడాను. కానుకల సంచి ఆఖరి వరస దాటేదాకా పాడాను. తర్వాత అయ్యగారు ఆశీర్వాదం చెప్పారు. ఆమేన్ అన్నాం.

బయట చెట్టు కింద అందరూ అమ్మను చుట్టుకుని మాట్లాడారు. ఒక పెద్దమ్మ నా గడ్డం పట్టుకుని, "ఇంత బాగా ఎప్పుడూ పాడలేదే నువ్వు" అంది. నాయన ఇంటికి వచ్చేదాకా నా పక్కనే నడుస్తూ ఆ పాట మెల్లగా అంటూనే ఉన్నాడు.

భోజనాలయ్యాక ఫోన్ తీసి నరేష్‌కు ఒక్క మాట పంపాను. లేచాను.

ఈ నాలుగేళ్ళలో ఇంత త్వరగా ఎప్పుడూ జవాబు రాలేదు. "నిజంగానా? తర్వాత?"

ఆ రెండు మాటల్లో సంతోషం ఉందా, భయం ఉందా అని చాలాసేపు చూశాను. ఎన్నిసార్లు చదివినా భయమే కనిపించింది.

"తర్వాత పాడాను" అని రాశాను.

వెంటనే ఒక దండం బొమ్మ పంపాడు.